కంచం బిళ్ళ

కంచంలో వెయ్యడానికి అన్నం లేని రోజుల్లో సింగరేవు జనం కంచాన్నే కొట్టి డబ్బు చేసుకున్నారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ రోజులు చూసినవాళ్ళకి అందులో వింతేమీ లేదు. యుద్ధంలో రేవు మూసుకుపోయింది, అటు సముద్రంలో యుద్ధనౌకలు, ఇటు కొండదారి మీద ఫిరంగులు, ఊళ్ళోకి గింజ రాదు. కరెంటు పోవడంతో ఫోన్లలో ఉన్న డబ్బు ఫోన్లలోనే ఉండిపోయింది. కాయితం నోట్లు మొదట్లోనే ఉన్నవాళ్ళ బీరువాల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. గంజి కేంద్రం దగ్గర ఎవరికి పోశారో, ఎవరికి పొయ్యలేదో తెలియక రోజూ కొట్లాటే. ఏదో ఒక గుర్తు కావాలి, దానికి దొంగది ఎవడూ చెయ్యలేనట్టు ఉండాలి అనుకున్నారు వార్డు పెద్దలు. అప్పుడు వాళ్ళకి వరాలమ్మ గుర్తొచ్చింది.

వరాలమ్మ వాళ్ళది మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. మొగుడు అప్పలస్వామి బేరాలు చూసుకుంటే, ఆవిడ గిన్నెల మీద పేర్లు కొట్టేది. పెళ్ళికి ఇచ్చే బిందె మీదా, గృహప్రవేశానికి ఇచ్చే పళ్ళెం మీదా ఇచ్చినవాళ్ళ పేరూ తారీకూ చుక్కలు చుక్కలుగా చెక్కించుకోకపోతే మనవాళ్ళకి ఇచ్చిన తృప్తే ఉండదు కదా. కొట్టు వెనక గదిలో, సామాను అడుగున దుకాణం ముద్ర వెయ్యడానికి పాత చేతి ప్రెస్సు ఒకటుండేది. పైన అడ్డంగా ఇనప కమ్మీ, దాని రెండు కొనలకీ తలకాయంతేసి ఇనప గుండ్లు. కమ్మీ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే గుండ్ల బరువుకి మర గిర్రున దిగి, కింద అచ్చులో పెట్టిన రేకు మీద ముద్ర పడుతుంది. ఒకసారి తిప్పాక మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

జనం కంచాలు తెచ్చారు. అప్పలస్వామి ముందు కొట్లో కూర్చుని వాటిని గుండ్రటి ముక్కలుగా కత్తిరించేవాడు. చిన్నకూతురు నూకరత్నం ఆ ముక్కని అచ్చులో పెట్టి, చెయ్యి వెనక్కి లాక్కుని, "తీసా" అనేది. ఆ మాట చెవిన పడ్డాకే వరాలమ్మ కమ్మీ తిప్పేది. ప్రెస్సు మీద బతికే ఇళ్ళన్నిట్లోనూ అదే పద్ధతి. తీసా అని వినపడందే తిప్పకూడదు. దెబ్బ పడగానే బిళ్ళ మీద చేప బొమ్మ లేచేది. ఒక బిళ్ళకి ఒక గరిటెడు గంజి. వెనక్కి తిప్పి చూస్తే కొన్నిటి మీద సగం సగం పేర్లు ఉండేవి. 'లక్ష్మి పెళ్ళి కా' అని ఒకదాని మీద, 'మేనమామ' అని ఇంకోదాని మీద. ఎవరి పెళ్ళి పళ్ళెమో తెగి ఎవరి ఆకలికో పనికొచ్చేది. రత్నానికి అప్పుడు పదేళ్ళు. బడి లేదని సంబరంగానే పనిలోకి దిగింది.

ఇదంతా పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. రేవు తెరుచుకుంది, ఓడలు వెళ్ళిపోయాయి, అప్పలస్వామి కూడా వెళ్ళిపోయాడు. రత్నం అంతకు ముందే, రేవు మూసి ఉన్న రోజుల్లోనే పోయింది. మిగిలింది వరాలమ్మా, పెద్దకూతురు సత్యవేణీ. రేవు మూసుకున్నప్పుడు సత్యవేణి వేరే ఊళ్ళో చదువుకుంటోంది. తిరిగొచ్చేసరికి ఇంట్లో చెల్లెలి బట్టలున్నాయి గానీ చెల్లెలు లేదు. ఫొటోలు, పాటలు, పుట్టినరోజు వీడియోలు అన్నీ పాడైపోయిన ఫోన్లతో పోయాయి. చెల్లెలి మొహం కొంచెం కొంచెంగా గుర్తుంది గానీ గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా రావడం లేదని ఆ పిల్ల చాలా ఏళ్ళు ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసి లోహాలు చదివింది.

ఒకరోజు పొద్దున్నే సత్యవేణి తల్లిని తన పరిశోధనశాలకి తీసుకెళ్ళింది. ఎందుకో చెప్పలేదు. ఓ స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు బల్ల మీద ఒక స్టీలు కంచం, ఒక చేప బిళ్ళ పెట్టి, చేతికి చిన్న అయస్కాంతం ఇచ్చింది.

"కంచానికి పెట్టి చూడమ్మా."

"దీనికి పెట్టడమేటే? మంచి స్టీలైతే అంటుకోదు. కొట్లో పుట్టి నాకు సెప్తన్నావా?"

"ఇప్పుడు ఈ బిళ్ళకి పెట్టు."

అయస్కాంతం బిళ్ళని పట్టుకుంది. గట్టిగా కాదు గానీ పట్టుకుంది. అది వరాలమ్మకి ఎప్పుడో తెలుసు. బిళ్ళలు కొట్టేటప్పుడు రత్నం సూదంటురాయితో వాటిని గొలుసులా వేలాడదీసి ఆడుకునేది.

"దెబ్బ తగిలినచోట స్టీలు లోపల మారిపోతుందమ్మా," అంది సత్యవేణి. మాట్లాడుతూనే చిన్న పొయ్యిలాంటి పెట్టెలో బిళ్ళని పెట్టి మూత వేసింది. "అలా మారేటప్పుడు ప్రెస్సు ఇనుములో ఏ చప్పుడు మోగుతూ ఉంటే ఆ చప్పుడు ప్రకారం మారుతుంది. దెబ్బకి ముందు ఒకటి రెండు క్షణాల పాటు గదిలో ఏం వినపడిందో అదంతా ఇందులో దిగిపోయి ఉంది. సన్నగా వేడి చేస్తుంటే స్టీలు మళ్ళీ మామూలుదైపోతూ, దాచుకున్నది వదిలేస్తుంది. ఒక్కసారే. అప్పుడే ఈ యంత్రం రికార్డు చేసుకోవాలి, తర్వాత అయస్కాంతం అంటుకోదు, బిళ్ళలో ఇంకేమీ ఉండదు. ఇప్పుడు విను."

ముందు ఉప్పు వేయించినట్టు చిటపటలు. తర్వాత ఎక్కడో జనం గోల. తర్వాత, బల్ల అవతలే నిలబడి అన్నట్టుగా, ఒక చిన్నపిల్ల గొంతు.

"తీసా."

ధన్ మని దెబ్బ. అంతే.

సత్యవేణి ఏడుస్తూ నవ్వుతోంది. "చెల్లిదేనా అమ్మా? చెల్లి గొంతేనా? ఇలాగే ఉండేదా?"

వరాలమ్మ తలూపింది. కొంగుతో మొహం కప్పుకుంది. కూతురు ఆనందంతో అనుకుంది. పక్కనే ఉన్న మరో రెండు బిళ్ళలు కూడా పెట్టి వినిపించింది. వాటిలోనూ అదే మాట. వరాలమ్మ కొట్టిన ప్రతి బిళ్ళలోనూ అదే మాట ఉంటుంది. ఊరంతా తాగిన గంజికి ఎన్ని బిళ్ళలు పోయాయో అన్నిసార్లు రత్నం తీసా అంటూనే ఉంటుంది. ఒక్క బిళ్ళ సంగతే ఆవిడకి తెలియదు.

ఆ ఒక్కటి ఆవిడ దగ్గరే ఉంది. పోపుల డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి. దాని మీద చేప సగమే పడింది. రేకు పూర్తిగా లోపలికి వెళ్ళకముందే దెబ్బ పడింది. రత్నం వేళ్ళ మీద కూడా పడింది. ఆస్పత్రిలో కట్లు కట్టడానికి గుడ్డ కూడా చాలని రోజులవి. మందుల్లేవు. చీము పట్టింది, జ్వరం వచ్చింది, పిల్ల పోయింది.

ఎలా జరిగిందమ్మా అని ఆస్పత్రిలో నర్సు అడిగింది. "తీసా అన్నాదండి, తియ్యలేదు," అంది వరాలమ్మ. అదెలా వచ్చిందో నోట్లోంచి అలా వచ్చేసింది. అన్నాక అదే ఖాయమైపోయింది. అప్పలస్వామి బతికున్నన్నాళ్ళూ, పరధ్యానం పిల్ల, నిద్రమొహం పిల్ల అని చచ్చిపోయిన కూతుర్ని ముద్దుగా తిట్టుకుంటూ ఏడ్చేవాడు. వరాలమ్మ వింటూ కూర్చునేది. నిజానికి ఆవిడకేమీ గుర్తు లేదు. కిటికీ అవతల జనం అరుస్తున్నారు, కడుపులో ఏమీ లేదు, చేతులకి తిప్పడం అలవాటైపోయింది. ఆ తిప్పుకి ముందు పిల్ల తీసా అందా, అనకుండానే తను తిప్పేసిందా? ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ చోటికి వచ్చేసరికి ఏమీ వినపడదు. అన్నీ తను కల్పించుకున్నవే వినపడతాయి.

సత్యవేణి యంత్రానికి ఊళ్ళోవాళ్ళు వినికిడి పొయ్యి అని పేరు పెట్టేశారు. పేపర్లలో వచ్చింది, టీవీలో వచ్చింది. జ్ఞాపకానికని దాచుకున్న బిళ్ళలు పట్టుకుని జనం పరిశోధనశాల ముందు వరస కట్టారు. ఒకప్పుడు గంజికి నిలబడినట్టే నిలబడ్డారు, కొందరు అవే మొహాలతో. వరాలమ్మ పక్కింటి చిట్టెమ్మ తెచ్చిన బిళ్ళలో ఆవిడ మొగుడు దొరికాడు. బయట వరసలోంచి "తొయ్యకండర్రా" అని అరుస్తున్నాడు, అంతే. చిట్టెమ్మ పడీపడీ నవ్వి, ఇంటికెళ్ళి రెండు రోజులు తలుపు తియ్యలేదు. ఇంకొకాయనకి తమ్ముడి గొంతు వినపడింది. అప్పుడు నేను ఊళ్ళోనే లేను, లేకపోతే అమ్మకి గంజి తెచ్చిపెట్టేవాణ్ణి కానా అని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చిన తమ్ముడు. ఆ అన్నదమ్ములకి ఇప్పుడు మాటల్లేవు. చాలామందికి మాత్రం తమవాళ్ళెవరూ దొరకలేదు. రత్నమే దొరికింది. తిరిగి వెళ్తూ అందరూ వరాలమ్మ గుమ్మంలో ఆగేవారు.

"మీ పాప మా బిళ్ళలో ఉందమ్మా," అనేవారు. "అలా వదిలేసి పోవడానికి మనసొప్పక చెప్పి వెళ్దామని వచ్చాం."

వరాలమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపేది. పాపం, అంత బుద్ధిగా తీసా తీసా అన్న పిల్ల ఆ ఒక్కసారీ ఎలా మరిచిపోయిందో అనేవాళ్ళు కొందరు. ఆ మాటకి ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

"ఏటమ్మా, తిండి మానేసావా?" అనడిగింది సత్యవేణి ఒక మధ్యాహ్నం, తల్లి యాసని వెక్కిరిస్తూ. పెరుగన్నం కంచంలో అలాగే ఉంది.

"తింటాన్లే. నువ్వు తిను."

"అందరూ దాని గొంతు వింటున్నారు. నీకు సంతోషంగా లేదా?"

"ఉందే," అంది వరాలమ్మ. అందులో కొంత నిజమే.

రేవు తెరిచిన రోజున ఏటా జరిగే సభకి ఆ ఏడు చిట్టెమ్మే పెద్ద. పాత కొట్టు ఉన్న చోట రత్నం పేరున ఒక రాయి నిలబెడదామని, సభలో ఆ గొంతు అందరికీ వినిపిద్దామని వార్డంతా ఒప్పుకున్నారు. రాతి మీద చెక్కించే మాటలు బడి మేష్టారి చేత కాయితం మీద రాయించి, ముందుగా వరాలమ్మకే చదివి వినిపించింది చిట్టెమ్మ.

"తీసా అంటూ ఊరికి అన్నం పెట్టి, ఒక్కసారి చెయ్యి తియ్యడం మరిచిన చిన్నారి నూకరత్నం జ్ఞాపకార్థం." చదివి, కళ్ళు తుడుచుకుంది. "ఎలాగుందొదినా? మేష్టారు రాసిచ్చారు."

"బాగా రాసారు," అంది వరాలమ్మ.

చిట్టెమ్మ వెళ్ళాక ఆవిడ చాలాసేపు వంటింట్లో నిలబడింది. ఇన్నాళ్ళూ పిల్ల మరిచిపోయిందన్నది ఉత్త నోటి మాట. ఎరిగినవాళ్ళు పోతే వాళ్ళతో పోయే మాట. రేపు అది రాతి మీద పడుతుంది. దారిన పోయే ప్రతి పిల్లకీ వాళ్ళ అమ్మలు చూపించి, పరధ్యానంగా ఉంటే అలాగవుతుంది అని చెబుతారు. నిజంగా పిల్లదే తప్పైతే సరే, తల్లిగా ఏడుస్తుంది. కాకపోతే? తన తప్పు తెచ్చి, నోరు లేని పిల్ల పేరు కింద చెక్కించినట్టే కదా.

పోపుల డబ్బాలోంచి గుడ్డ తీసి, ఆటో ఎక్కింది.

సత్యవేణి ఆ సగం చేప బిళ్ళని చూడగానే అదేమిటో గ్రహించింది. బిళ్ళ అంచున చేపకి తోక లేదు. అరచేతిలో పెట్టుకుని ఆ సగం చేపని వేలితో తడిమింది.

"ఇన్నాళ్ళూ నీ దగ్గరుందా?"

"ఉంది. దీంట్లో అది తీసా అన్నాదో లేదో సూడు."

"అందని నువ్వే చెప్పావు కదమ్మా."

"సెప్పాను," అంది వరాలమ్మ. "నాకు తెల్దు. అప్పుడూ తెల్దు, ఇప్పుడూ తెల్దు. సూసి సెప్పు."

సత్యవేణి తల్లి మొహంలోకి చూసింది. "వద్దమ్మా," అంది. "వేడి చేశామంటే మళ్ళీ వెనక్కి తెచ్చుకోలేం. ఏదైనా కానీ, తెలిసి ఏం చేస్తావు?"

"రాయి నిలబెడతన్నారే. నాకు తెలియాల."

సత్యవేణి బిళ్ళని పొయ్యిలో పెట్టింది. ఈసారి స్పీకరు ఆపేసి, చెవులకి తగిలించుకుంది. ముందు నేను వింటాను, గోల ఎక్కువుంటే తీసేసి నీకు శుభ్రంగా వినిపిస్తాను అంది. వరాలమ్మ స్టూలు మీద కూర్చుని కూతురి వీపునే చూస్తోంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది, ఆరిపోయింది. సత్యవేణి కదల్లేదు. ఏవో మీటలు నొక్కింది. మళ్ళీ విన్నట్టుంది. మళ్ళీ ఏవో నొక్కింది. ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది.

"అయిందమ్మా," అని ఇటు తిరగకుండానే స్పీకరు పెట్టింది.

జనం గోల. కమ్మీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత స్పష్టంగా, గంట కొట్టినట్టుగా, "తీసా." దెబ్బ.

"విన్నావా? చెల్లి తీసా అంది. అనే తీసింది... అంది గానీ తియ్యలేదు. నీ తప్పేమీ లేదు. చిన్నపిల్ల, మరిచిపోయింది." సత్యవేణి గబగబా చెప్పేసింది. తల్లి పక్కకి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి పెట్టు," అంది వరాలమ్మ.

ఇంకోసారి విన్నది. కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత కూతురి తల నిమిరింది.

"సాల్లే. ఇంటికెళ్దాం పద. నువ్వూ పొద్దున్నించి తిన్నట్టు లేవు."

ఆ పూట తల్లీకూతుళ్ళు కలిసి వంకాయ కూర వండుకుని తిన్నారు. వరాలమ్మ మారు వడ్డించుకుంది. తల్లి అంత తినడం చూసి చాలా రోజులైంది సత్యవేణికి. చేసిన పని మంచిదేనని తనకి తాను నచ్చజెప్పుకుంది.

ఆదివారం చిట్టెమ్మ మళ్ళీ వచ్చింది. రాయి చెక్కేవాడు తొందర పెడుతున్నాడట, మాటలు ఇవాళే ఇచ్చెయ్యాలట. సత్యవేణి కూడా ఇంట్లోనే ఉంది. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు.

"మేష్టారు రాసిందే ఇచ్చీమంటావా ఒదినా?"

"ఇవ్వొద్దు," అంది వరాలమ్మ. "మరిచిపోయిందన్నది తీసీ. అది మరిచిపోలేదు. పిల్ల తీసా అనకముందే తల్లి తిప్పీసింది అని రాయించు."

చిట్టెమ్మకి ఏమీ అర్థం కాలేదు. సత్యవేణి వైపు చూసింది. సత్యవేణి మొహం పాలిపోయింది.

"అదేం మాటొదినా? అలాగ రాయిస్తే జనం నిన్నేటనుకుంటారు?"

"అనుకోనీ. దాన్ని అనుకోకుండా ఉంటే సాలు."

"అమ్మా," అంది సత్యవేణి. "మొన్న విన్నావు కదా. అంది కదా."

"విన్నానే. బాగుంది." వరాలమ్మ గొంతులో కోపం లేదు. "అది అన్నం తిన్న పిల్ల గొంతు, వేణీ. మొదట్లో కొట్టిన బిళ్ళలోది. ఆకర్న దానికి అంత గొంతు ఎక్కడుంది? గంజి తాగడానికే ఓపిక లేదు దానికి."

చిట్టెమ్మ చేతిలో కాయితం మడతపెట్టి తలొంచుకుంది. వీధిలో ఎవరో ఉల్లిపాయలు అమ్ముకుంటూ పోతున్నారు. సత్యవేణి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అందులో చెల్లి గొంతు లేదమ్మా, వేరే బిళ్ళలోది నేనే తెచ్చి కలిపాను. జనం గోల ఉంది, కమ్మీ తిరిగింది, అంతే. నీకెలా చెప్పను?" ఆమె తల్లి మోకాళ్ళ దగ్గరికి జరిగింది. "కానీ నువ్వే అంటున్నావు కదా, దానికి గొంతు లేదని. అనే ఉంటుంది. మెల్లిగా అనుంటుంది. ప్రెస్సుకి కూడా అందనంత మెల్లిగా."

"అనీ ఉంటాది," అంది వరాలమ్మ. "పద్ధతైన పిల్ల, అనకుండా ఉండదు. వినపడీదాకా నాను ఆగాల కదే."